పిట్టలకు పెట్టే గింజలు ఉడుతలు, ఎలుకలు, కోతుల పాలు కాకుండా ఏం చేయాలి?

జామచెట్టు_పెరడు:

అందరికీ నమస్కారం. మా ఇల్లు ఖమ్మం శివారులో. పెరడు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. మూడు వైపులా 5 అడుగుల ప్రహరీ గోడ, మధ్యలో ఒక జామచెట్టు, దాని కొమ్మ నుంచి పిట్టగోడ వరకు నైలాన్ తాడుతో దండెం. పిచ్చుకలు, జీనువాయిలు, పిగిలిపిట్టలు వస్తాయి. వాటి కోసం మూడు చోట్ల గింజలు పెడుతున్నాను: గోడ మీద మట్టి మూకుడులో నూకలు, సజ్జలు, దండేనికి వేలాడే ప్లాస్టిక్ సీసాలో కొర్రలు, వెనక చూరుకి వరి కంకుల కుచ్చు.

ఉడుతలు సీసాకి కన్నం పెట్టి గింజలన్నీ కింద పోస్తున్నాయి. వరి కుచ్చు తాడు రెండుసార్లు కొరికేశాయి. తెల్లారేసరికి మూకుడు ఖాళీ, ఎవరు తింటున్నారో తెలియదు. పావురాలు సరే సరి. ఇప్పుడు రెండు వారాలుగా కోతుల గుంపు కూడా ఇటు తిరుగుతోంది. మందు పెట్టడం, బోను పెట్టి పట్టడం మాకు ఇష్టం లేదు. పిట్టలకు పెట్టడం మానకుండా వీటిని ఆపే దారి ఉంటే కొలతలతో సహా చెప్పండి.

ఇనుప_గొట్టం:

ముందు రాత్రి దొంగ ఎవరో తేల్చుకోండి. సాయంత్రం మూకుడు చుట్టూ, గోడ అంచు పొడవునా ముగ్గుపిండి పలచగా చల్లండి. రాతి ముగ్గే వాడండి, బియ్యప్పిండి అయితే దాన్నీ తినేస్తాయి. పొద్దున్నే, చీమలూ కాకులూ దిగకముందే చూడండి. ఎలుక అయితే చిన్న అడుగులు, వాటి మధ్య తోక ఈడ్చిన గీత కనిపిస్తుంది. పందికొక్కు అయితే అడుగు పెద్దది, గోడ మొదట్లో బొక్క, దాని పక్కన తవ్విపోసిన మట్టి కుప్ప ఉంటుంది. ఉడుత రాత్రి రాదు, పగటి జీవి. కాబట్టి తెల్లారేసరికి ఖాళీ అయ్యే మూకుడు ఉడుత పని కాదు. ఎలుకకీ ఉడుతకీ ఉపాయం వేరు.

ఇక ఉడుత సంగతి. గోడ మీద, చెట్టుకి, చూరుకి ఏది పెట్టినా ఉడుతకి అది ఇంటి ముంగిటే. గింజలకు విడిగా ఒక స్తంభం ఉండాలి. దానికి కావలసినవి:

అంగుళం జీఐ పైపు 8 అడుగులు, ఒక చివర మర తీయించినది. ఆ మరకి సరిపోయే ఫ్లాంజి (పలకని బిగించే కన్నాల బిళ్ల) ఒకటి. 160 మి.మీ. ఎస్‌డబ్ల్యూఆర్ పైపు (మురుగునీటికి వాడే పీవీసీ గొట్టం) 2 అడుగుల ముక్క, దానికి ఎండ్ క్యాప్ (మూత). ఒక స్టీలు హోస్ క్లిప్పు. అడుగున్నర చదరం చెక్క పలక. 160 పైపు కొత్తది పూర్తి పొడవుకే అమ్ముతారు. దగ్గర్లో ఇల్లు కడుతున్న చోట ప్లంబరుని అడిగితే ముక్క దొరుకుతుంది.

ఎండ్ క్యాప్ నడిమధ్య 35 మి.మీ. హోల్ సాతో (డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం) రంధ్రం వేయండి. అంగుళం పైపు అన్నది లోపలి కొలత, బయటి వ్యాసం 34 మి.మీ. దాకా ఉంటుంది. 25 మి.మీ. రంధ్రం వేయించి తర్వాత కత్తితో చెక్కుకుంటూ కూర్చునేవాళ్లు చాలామంది. క్యాప్‌ని 160 గొట్టానికి పై వైపు బిగించండి. జీఐ పైపు 2 అడుగులు భూమిలోకి దింపి కాంక్రీటు పోస్తే పైన 6 అడుగులు మిగులుతుంది. నేల నుంచి 5 అడుగుల ఎత్తులో హోస్ క్లిప్పు బిగించి, గొట్టాన్ని పై నుంచి జార్చి క్లిప్పు మీద కూర్చోబెట్టండి. ఇది అయ్యాకే ఫ్లాంజి, దాని మీద పలక. ముందు ఫ్లాంజి బిగిస్తే గొట్టం ఎక్కదు, మళ్లీ అంతా విప్పాలి.

పని చేసే తీరు ఇది: ఉడుత సన్న పైపుని కావలించుకుని ఎక్కుతుంది, గొట్టం లోపలికి పోతుంది, పైన మూత తగిలి దిగివస్తుంది. బయటి వైపు నుంచి ఎక్కుదామంటే ఆరంగుళాల నున్నటి గొట్టం దాని చేతులకి అందదు, గోళ్లకి దిగదు. అందుకే పై మూత లేకుండా వట్టి గొట్టం తొడిగితే లాభం లేదు, లోపలి నుంచి పైకి వచ్చేస్తుంది. గొట్టాన్ని గట్టిగా బిగించకండి, క్లిప్పు మీద కాస్త ఊగుతూ ఉండాలి.

విఫలమయ్యేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది దూరం. అమెరికాలో వాళ్ల బూడిద ఉడుతకి 5-7-9 అని ఒక లెక్క చెబుతారు: నేల నుంచి పైకి 5 అడుగులు, పక్కకి 7, పై నుంచి కిందికి 9 దూకగలదని. మన చారల ఉడుత దానికంటే చాలా చిన్నది, అయినా అదే లెక్క పెట్టుకుంటే నిశ్చింత. మీ పెరట్లో జామ కొమ్మ చివర నుంచి, గోడ నుంచి, దండెం నుంచి 8 అడుగులు తగ్గకుండా స్తంభం పాతండి. చెట్టు మొదలు నుంచి కాదు, కొమ్మ చివర నుంచి కొలవాలి. వానాకాలం తర్వాత కొమ్మ మూడు అడుగులు ముందుకొస్తుంది, కత్తిరించాలి. దండెం మీద ఆరేసిన దుప్పటి కూడా ఉడుతకి వంతెనే.

రెండోది గొట్టం పాతబడటం. పీవీసీ రెండు ఎండాకాలాలు ఎండితే పైన సుద్దలా తెల్లగా లేచి గరుకెక్కుతుంది. అప్పుడు గోళ్లు పట్టు దొరకబుచ్చుకుంటాయి. మొదట్లోనే ఎనామిల్ పెయింటు వేయండి, గరుకెక్కితే మళ్లీ వేయండి. స్తంభానికి గ్రీజు, నూనె మాత్రం పూయకండి. పిట్ట ఈకలకి అంటితే ఈకలు అతుక్కుపోతాయి, అది ఎగరలేదు, ముక్కుతో శుభ్రం చేసుకోబోతే కడుపులోకి పోతుంది.

కుచ్చుల_చూరు:

పై స్తంభం బాగానే ఉంది. అంత స్థలం లేనివాళ్లకి, వరి కుచ్చు వదలడం ఇష్టం లేనివాళ్లకి తీగ పద్ధతి చెబుతాను.

నైలాన్ తాడు, పురికొస, జనపతాడు ఏవీ వద్దు. ఉడుత వాటి మీద నేల మీద నడిచినట్టు నడుస్తుంది, కొరుకుతుంది కూడా. 2 మి.మీ. నున్నటి స్టీలు తీగ రెండు కొక్కేల మధ్య బిర్రుగా కట్టండి. కట్టే ముందే దానికి ముప్పావంగుళం పీవీసీ పైపు ముక్కలు, ఒక్కోటి రెండడుగులు, పూసలు గుచ్చినట్టు ఎక్కించండి. కుచ్చు వేలాడే చోటికి అటు రెండు, ఇటు రెండు. ఉడుత పైపు మీద కాలు పెట్టగానే అది గిర్రున తిరుగుతుంది, ఉడుత కింద పడుతుంది. ముక్కల మధ్య బెత్తెడు సందు ఉన్నా అక్కడ నిలదొక్కుకుంటుంది, అందుకని ఆనుకునేలా ఉంచండి. తీగ వదులైతే మధ్యలో కుంగి, ముక్కలన్నీ అక్కడికే జారి చివర్లు ఖాళీ అవుతాయి. ఒక వైపు టర్న్ బకిల్ (తిప్పితే తీగ బిగిసే మర కొక్కెం) పెట్టుకుంటే ఆరు నెలలకోసారి బిగించుకోవచ్చు.

కుచ్చుకి పైన గొడుగు ఉండాలి. పాత సత్తు బేసిను, 16 నుంచి 18 అంగుళాల మూతిది, అడుగున చిన్న రంధ్రం వేసి బోర్లించండి. బైండింగ్ వైరు దాని గుండా దింపి, కింద వాషరు పెట్టి ముడి వేయండి. బేసిను వదులుగా వేలాడితే ఏ పక్క కాలు వేసినా ఆ పక్కకి ఒరుగుతుంది. వాన కూడా కుచ్చు మీద పడదు. కుచ్చు బేసిను కిందే, దాని మూతి వెడల్పు దాటకుండా ఉండాలి. మీరు చూరుకి కట్టారు కాబట్టి పక్క గోడ ఎంత దూరమో చూసుకోండి. గోడ మీద నుంచి ఉడుత అడ్డంగా దూకుతుంది, ఆ పక్క గొడుగు ఉపయోగపడదు.

కంకుల విషయంలో ఒక మాట. పురుగుమందు కొట్టని మడి నుంచే తెచ్చుకోండి. ఇంకా ముఖ్యం, విత్తనాల దుకాణంలో గులాబీ రంగో నీలం రంగో పూసి అమ్మే గింజలు పిట్టలకి ఎన్నడూ వేయకండి. అది విత్తనశుద్ధి మందు రంగు. మిగిలిపోయాయి కదా అని వేస్తే పిట్టలు చస్తాయి.

ఎడిసన్_పిచ్చుక:

న్యూజెర్సీ నుంచి. ఇక్కడి ఫీడర్లు (పిట్టలకి గింజలు పెట్టే డబ్బాలు) ఆన్‌లైన్‌లో తెప్పించుకుని "ఉడుత రాదన్నారు, వచ్చింది" అని ఇండియా నుంచి చాలామంది అడుగుతుంటారు. తప్పు ఫీడర్‌ది కాదు, ఉడుతది కాదు. అది వేరే ఉడుతకి కొలిచి చేసిన వస్తువు.

ఇక్కడి బూడిద ఉడుత 400 నుంచి 600 గ్రాములు ఉంటుంది. మన చారల ఉడుత సుమారు 100 గ్రాములు. ఇనుప పంజరం లోపల గొట్టం ఉండే ఫీడర్లలో సందు ఒకటిన్నర అంగుళం. బూడిద ఉడుత పట్టదు, మనది తల వంచకుండా లోపలికి పోతుంది. అందులోంచి పిచ్చుక దూరగలిగితే మన ఉడుత కూడా దూరుతుంది, ఆ సందు ఎంత తగ్గించినా ఇద్దరినీ విడదీయలేరు. కాబట్టి పంజరం పావురాల కోసం పెట్టుకోండి, ఉడుత కోసం కాదు.

బరువు పడితే మూసుకునే ఫీడర్లు ఉపయోగపడతాయి, స్ప్రింగు సర్దుకునే వీలుంటేనే. పిచ్చుక 25–30 గ్రాములు, పిగిలిపిట్ట 40 చిల్లర, గోరింక, రామచిలుక 100 పైన, పావురం 300 ప్రాంతం. 70 గ్రాములకి మూసుకునేలా పెడితే పిచ్చుక, పిగిలిపిట్ట తింటాయి. ఉడుత, పావురం తినలేవు. గోరింకా చిలుకా కూడా తినలేవు, అది ఒప్పుకోవాలి. కొనేటప్పుడు ఫీడరు కొమ్మ (పిట్ట వాలే పుల్ల) దేనికది విడిగా కదిలేది చూసుకోండి. మొత్తం తొడుగు ఒకటిగా దిగే రకమైతే మూడు పిచ్చుకలు కలిసి వాలినా 80 గ్రాములై మూసుకుపోతుంది. 70 సరిగ్గా పడిందో లేదో చూడటానికి చిన్న సంచిలో సజ్జలు కిచెన్ కాటా మీద తూచి కొమ్మకి వేలాడదీయండి.

ఇక్కడున్న మనవాళ్లకి ఒక్క ముక్క: రకూన్లు (ఇక్కడ చెట్లూ స్తంభాలూ ఎక్కే ఒక జంతువు) ఉంటే ఆరంగుళాల గొట్టం చాలదు, ఎనిమిది అంగుళాల వ్యాసం, 28–30 అంగుళాల పొడవు ఉండాలి. నల్ల ఎలుగు తిరిగే చోట ఏ గొట్టమూ పనికిరాదు. అవి నిద్రలో ఉండే చలికాలంలో మాత్రమే ఫీడరు పెట్టి, వసంతం రాగానే తీసేయండి.

గుంటూరు_ఘాటు:

ఇంకా ఎవరూ కారం సంగతి ఎత్తలేదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ క్షీరదాల నోటికే మండుతుంది, పక్షుల నరాల్లో మంటని పసిగట్టే గ్రాహకం దానికి స్పందించదు. చిలుక పండుమిరపకాయ హాయిగా తినేది అందుకే. గింజలకి కారం పట్టిస్తే ఉడుతా ఎలుకా రెండూ వెనక్కి తగ్గుతాయి.

ఇనుప_గొట్టం:

శాస్త్రం నిజమే, పొడి కారం మాత్రం చల్లొద్దండి. గాలికి లేచి పిట్ట కళ్లలో, మన కళ్లలో, ఆడుకునే పిల్లల కళ్లలో పడుతుంది. నోట్లో మండకపోవడం వేరు, కంట్లో నలుసు పడటం వేరు. చేయాలనుకుంటే నూనెగా చేయండి. 4 చెంచాల వేరుశెనగ నూనెని గోరువెచ్చగా చేసి 2 చెంచాల ఘాటు కారం కలిపి ఒక రాత్రి ఉంచి, పలచటి బట్టలో వడగట్టండి. ఆ నూనె కిలో గింజలకి పట్టించి నీడలో ఆరనివ్వండి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి. నూనె పట్టిన గింజ వారం దాటితే కంపు కొడుతుంది, కొంచెం కొంచెమే కలుపుకోండి. వాన పడితే ఘాటు పోతుంది. ఆకలిగా ఉన్న ఉడుత కొంత కారాన్ని ఓర్చుకుంటుంది కూడా. కాబట్టి స్తంభం, దూరం కుదరని చోట మాత్రమే ఇది.

రాత్రి_కాపలా:

ఉడుత తింటే గింజలు పోతాయి, అంతే. ఎలుక అలవాటు పడితే దాని వెనక జెర్రిపోతు వస్తుంది, నాగుపాము వస్తుంది. శివారు ఇల్లు అన్నారు కాబట్టి మీరు మొదట సరిచేయాల్సింది రాత్రి మూకుడు.

గింజ రాత్రి బయట ఉండకూడదు. పొద్దున ఆరింటికి పెట్టండి, సాయంత్రం అయిదున్నరకి మూకుడు లోపలికి తెచ్చేయండి. కొలత కూడా తగ్గించండి. పది పదిహేను పిచ్చుకలకి పూటకి 50 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, చాలు. గంటలో అయిపోయేంతే వేసి, మధ్యాహ్నం మూడింటికి ఇంకో గుప్పెడు వేయండి. కిలో పోసి వదిలేస్తే ఎవరెవరో వస్తారు.

కింద రాలిన గింజే ఎలుకకి అసలు విందు. పిచ్చుక కొర్రలు తింటూ పక్కకి విసురుతుంది. పలక కింద రెండడుగుల వెడల్పు తట్ట బిగించండి, అడుగు భాగం దోమతెర జాలీ అయితే నీళ్లు నిలవవు. స్తంభం చుట్టూ మూడడుగుల మేర గచ్చు చేయించుకుంటే చీపురు ఆడుతుంది, మట్టిలో కలిసిన గింజని మీరు ఏరలేరు. పొట్టు లేని నూకలు, సామబియ్యం వేస్తే విసరడం చాలా తగ్గుతుంది. జొన్న, మొక్కజొన్న, గోధుమ మానేయండి, అవి పావురాల తిండి. వేరుశెనగ, పొద్దుతిరుగుడు గింజలు, ఎండు కొబ్బరి ఉడుతని పేరు పెట్టి పిలిచినట్టే.

గింజల సంచి ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే ఎలుక డబ్బా కొరుకుతుంది. మూత బిగుసుకునే రేకు డబ్బా కావాలి. గోడలో అర అంగుళం కన్నమున్నా చిట్టెలుక దూరుతుంది, జీఐ జాలీ కుక్కి సిమెంటు పెట్టండి.

మందు వద్దన్నారు, మంచి మాట. బ్రోమడియోలోన్ అనే ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. దాన్ని పట్టి తిన్న గుడ్లగూబకీ పిల్లికీ ఆ విషం ఎక్కుతుంది. జింకు ఫాస్ఫైడు కలిపిన గింజ పిట్ట కంటబడితే అంతే సంగతులు. జిగురు అట్టలూ పెట్టొద్దు. రాత్రి ఎలుక కోసం పెట్టినదానికి పొద్దున పిచ్చుక అంటుకుంటుంది.

జామచెట్టు_పెరడు:

చాలా థాంక్సండి. నిన్న రాత్రి ముగ్గు చల్లాను, తోక గీతలు స్పష్టంగా ఉన్నాయి, గోడ మీద నుంచే వచ్చాయి. ఈ రోజు నుంచి మూకుడు లోపలికి తెస్తున్నాను. ఇంక కోతులు, పావురాలు మిగిలాయి. కోతికి ఏ గొట్టం పెట్టాలి?

కొండకింద_ఊరు:

కోతికి గొట్టం లేదండి. స్తంభాన్ని ఊపి పీకేస్తుంది, బేసిను ఎత్తి పారేస్తుంది, స్ప్రింగు ఫీడరు విప్పుకుని తింటుంది. కోతుల విషయంలో చేయగలిగింది ఒక్కటే, మీ పెరడు వాటి దారిలో దండగ మజిలీ అనిపించడం.

గుంపు తిరుగుతున్నన్నాళ్లూ మూకుడు, సీసా, కుచ్చు అన్నీ తీసేయండి. కనీసం మూడు వారాలు. సగం సగం చేస్తే ఫలితం ఉండదు. నాలుగు రోజులు ఏమీ దొరక్క అయిదో రోజు గుప్పెడు సజ్జలు దొరికితే, మళ్లీ పది రోజులు వస్తాయి. పండిన జామకాయలు ఏరోజుకారోజు కోసేయండి, చెత్తబుట్ట మూత బిగించండి, వంటింటి కిటికీకి జాలీ ఉండాలి. పక్కింటివాళ్లు అరటిపండ్లు వేస్తుంటే వెళ్లి మాట్లాడండి, వాళ్లు మానకపోతే మీరు చేసినదంతా వృథా. పిచ్చుకలు ఆకలితో చస్తాయని భయపడొద్దు, వాటికి మీ మూకుడు తిండిలో ఒక భాగమే. నీళ్ల పాత్ర మాత్రం ఉంచండి, రోజూ కడిగి మార్చండి.

ఆ మూడు వారాల్లో పెరటి మూలన నాలుగు సాళ్లు సజ్జ చల్లండి. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచే జీనువాయిలు వాలతాయి.

టపాకాయలు కాలిస్తే కోతి కన్నా ముందు పిట్టలు పోతాయి. కొండముచ్చు బొమ్మ పెడితే నాలుగు రోజులు జంకుతాయి, తర్వాత దాని పక్కనే కూర్చుంటాయి. గోడ తీగకి ఇంటి కరెంటు ఇవ్వడం నేరం, మనుషుల ప్రాణాలు పోతాయి, ఆ ఆలోచనే రానివ్వకండి. కోతి ఎదురుపడితే కళ్లలోకి చూడొద్దు, పళ్లు కనిపించేలా నవ్వొద్దు, చేతిలో గింజల గిన్నె ఉంటే కింద పెట్టి వెనక్కి నడవండి. కరిచినా గీరినా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

గుంపు పోయాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పొద్దున ఒక్క పూటే, మీరు పెరట్లో ఉన్న గంట మాత్రమే పెట్టండి.

కుచ్చుల_చూరు:

పావురాలకి: 2 అంగుళాల చదరపు కళ్లున్న వెల్డ్ మెష్ తెచ్చి పలక మీద పంజరంలా బోర్లించండి. పిచ్చుక కంతలోంచి దూరుతుంది, పావురం దూరదు. మూకుడుకీ మెష్‌కీ అన్ని వైపులా ఆరంగుళాలు ఎడం ఉండాలి, లేకపోతే బయట నిలబడే మెడ చాచి తింటుంది. అందుకే అడుగున్నర పలక మీద మూకుడు ఆరంగుళాలది మించకూడదు. కత్తిరించిన తీగ మొనలు ఆకురాయితో అరగదీయండి, పిచ్చుక దూరేటప్పుడు రొమ్ము గీసుకుంటుంది.

జామచెట్టు_పెరడు:

చివరిగా ఒకటి. ఇప్పుడున్న మట్టి మూకుడునే పలక మీద వాడుకోవచ్చా? వానకి గింజ నానిపోతోంది.

ఇనుప_గొట్టం:

వాడుకోవచ్చు. మూకుడుని ఒక రాత్రి నీళ్లలో నాననిచ్చి, తడిగా ఉండగానే 6 మి.మీ. టైల్ బిట్టుతో అడుగున మూడు కన్నాలు పెట్టండి, డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో ఉండకూడదు, పగులుతుంది. పలకకి కూడా అదే చోట కన్నాలు. మూకుడు లోపల దోమతెర ముక్క గుండ్రంగా కత్తిరించి పరిస్తే నీళ్లు దిగుతాయి, కొర్రలు దిగవు. నానిన గింజకి బూజు పట్టినా, ముద్ద కట్టినా మొత్తం పారేయండి, ఎండబెట్టి మళ్లీ వేయొద్దు. వారానికోసారి ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, మూకుడుని పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఎండాకే గింజ పోయండి. మట్టి పాత్ర వాసన పీల్చుకుంటుంది కాబట్టి రెండు మూకుళ్లు పెట్టుకుని వారం మార్చి వారం వాడండి.